అల్లా అనే క్రైస్తవులు, అర్జీ రాయని మనం

మాల్టాలో ఆదివారం చర్చికి వెళ్ళే ముసలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని "అల్లా" అంటుంది. ఏదో అరబీ దేశం నుంచి వచ్చిన వలస మనిషి కాదు. పక్కా కేథలిక్. ఆ దేశ రాజ్యాంగంలోనే కేథలిక్ మతం దేశమతం అని రాసుకున్నారు. అయినా వాళ్ళ జుబాన్‌లో ఖుదాకి ఉన్న పేరు అల్లా. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలాన్ని "రన్దాన్" అంటారు. మన రంజానే అది. ఈస్టర్ పండుగను "అయ్‌ద్" అంటారు. మన ఈద్. శుక్రవారం "జిమా". మర్యం పేరు మీద వాళ్ళు రోజూ చేసే దుఆ సలామ్‌తోనే మొదలవుతుంది.

ఈ సంగతి మన మొహల్లాలో ఎక్కడ చెప్పినా రెండే జవాబులు వస్తాయి. ఒకరంటారు: "చూశారా, వాళ్ళు ఒకప్పుడు మనవాళ్ళే. ఇన్షా అల్లాహ్ వాపస్ వస్తారు." ఇంకొకరంటారు: "అస్తగ్‌ఫిరుల్లాహ్, అల్లాహ్ పేరు వాళ్ళెలా వాడతారు?" వినడానికి ఈ రెండూ ఉల్టా మాటల్లా ఉంటాయి గానీ రెండింటి జడ్ ఒకటే. భాషకు మజ్హబ్ ఉంటుందని, భాష కూడా సున్నతీ బాప్తిస్మమూ చేయించుకుంటుందని మనవాళ్ళ నమ్మకం.

బయటివాళ్ళకూ ఇదే నమ్మకం. నా సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు: "మీరు ముస్లిం అయ్యుండి కూడా తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!" తారీఫ్ అనుకుని చెబుతారు పాపం. పల్నాడులో పుట్టి, తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్ళుగా తెలుగు పత్రికల్లో రాసి తింటున్నవాడికి అది తారీఫ్ ఎలా అవుతుంది? మరోపక్క మన షాదీఖానాల్లో దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు తెలుగులో మాట్లాడుకుంటుంటే మూతి తిప్పే ఉర్దూ పెద్దమనుషులనూ చూశాను. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఈమాన్‌లో ఏదో కమీ ఉన్నట్టు! రెండు వైపులా ఉన్న ఈ మనుషులందరినీ ఓ పది రోజులు మాల్టాలో వదిలి రావాలని నాకు అనిపిస్తుంది.

నేను వెళ్ళింది ఆగస్టులో. మా ఆపా కొడుకు అక్కడ ఓ హోటల్ కిచెన్‌లో పనిచేస్తాడు. మధ్యధరా సముద్రంలో, సిసిలీకి కింద, లిబియాకు పైన ఉన్న చిన్న దీవులు. మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. మన జిల్లాలో ఓ మూలకు సరిపోతుంది. 2021 జనాభా లెక్కల్లో 5 లక్షల 19 వేల మంది ఉన్నారు, అందులో ఐదో వంతుకు పైగా బయటి దేశాలవాళ్ళు. అంటే మాల్టీస్ మాతృభాషగా ఉన్నవాళ్ళు గుంటూరు జనం అంత కూడా లేరు. అయినా ఆ జుబాన్ యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి. 2004లో యూనియన్‌లో చేరినప్పుడు తర్జుమా చేసేవాళ్ళు చాలక మూడేళ్ళు మొహలత్ తీసుకున్నారు. చాలలేదు గనక భాషను వదిలేద్దామని మాత్రం అనుకోలేదు.

ఈ అరబీ ఎక్కడిదంటే, 870లో అరబ్బులు ఆ దీవుల్ని గెలిచారు. 1091లో సిసిలీ నుంచి నార్మన్లు వచ్చారు. పదమూడో సదీలో ముసల్మానులను వెళ్ళగొట్టారు. మజ్హబ్ వెళ్ళిపోయింది, జుబాన్ అక్కడే ఉండిపోయింది. తర్వాత ఇటలీ, సిసిలీ మాటలు బోలెడు చేరాయి. డిక్షనరీ తెరిస్తే సగం దాకా అవే కనిపిస్తాయి. కానీ ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టడం, అమ్మను పిలవడం, రొట్టె, నీళ్ళు, చావు, బతుకు, నెల, సంవత్సరం అన్నీ అరబీ కడుపులోంచి వచ్చినవే. హృదయం అంటే "అల్బ్". ఖల్బ్‌లోని ఖాఫ్‌ను గొంతులోనే మింగేస్తారు. నవ్వకండి, మన దఖనీలో ఖాఫ్‌కు ఏం గతి పట్టిందో మనకు తెలుసు. ఖాఫ్ పలకాల్సిన ప్రతిచోటా మనం 'ఖే' అంటాం. వాళ్ళు మింగారు, మనం మార్చేశాం. లఖ్‌నవూ వాళ్ళ ముందు ఇద్దరమూ ముజ్రిములమే.

ఇంకో తమాషా ఉంది. ఐన్ అక్షరం పలుకులో ఎప్పుడో పోయింది. అయినా వాళ్ళు లాటిన్ లిపిలో దానికోసం ఓ జంట అక్షరం తయారుచేసుకుని ఇప్పటికీ రాస్తున్నారు. వినిపించదు గానీ కాగితం మీద దాని కుర్సీ దానికి ఉంది.

బస్సు ఎక్కాం. 2022 అక్టోబరు నుంచి అక్కడ నివాసం ఉండేవాళ్ళకు కార్డు ఉంటే బస్సు ముఫ్త్. మావాడి కార్డు పేరు "తల్లిన్యా". పాతకాలంలో జనం బస్సును పిలుచుకున్న పేరే ఇది. కంపెనీవాడు ఏ 'స్మార్ట్' పేరో పెట్టకుండా అవామ్ నోట్లో ఉన్న మాట తీసుకున్నాడు. డ్రైవర్లలో మన దేశంవాళ్ళు ఉన్నారు. కిటికీలోంచి చూస్తే ప్రతి వీధి మూల రాయి మీద "త్రీ" అని ఉంటుంది. రాతలో దాని చివర ఖాఫ్ కూడా ఉంది. అంటే తరీఖ్, దారి. ఊళ్ళ పేర్లు చూడండి: మర్సా, రబాత్, ఇమ్‌దీనా, జెయ్‌తూన్. మా మేనల్లుడు మొదటిరోజే చెప్పాడు: "మామూ, యాఁ కా నక్షా పఢో తో అరబీ మద్రసే కా సబఖ్ యాద్ ఆతా." నిజమే, మ్యాప్ చదువుతుంటే మద్రసాలో ఛడీ పట్టుకున్న ఉస్తాద్ గుర్తొచ్చాడు.

మూడోరోజు వాడి చేతిమీద నూనె పడి కాలింది. సర్కారీ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. బోర్డు మీద "చెంత్రు తస్ సహ్హా" అని ఉంది. సహ్హా అంటే సెహత్. అక్కడి సర్కారీ దవాఖానాలు మొత్తం సర్కారు ఖర్చు మీద నడుస్తాయి. జీతంలోంచి బీమా సొమ్ము కట్టే వలస కార్మికుడికీ ఆ హఖ్ ఉంది. షుగరు, బీపీ లాంటి ఎప్పటికీ ఉండే రోగాలకు మనిషి తనకు నచ్చిన మందుల దుకాణం పేరు రాయించుకుంటే ముఫ్త్ మందులు అక్కడికే వస్తాయి. మేం కూర్చున్నచోట ఓ ముసలాయన. నర్సమ్మ మన కేరళ అమ్మాయి. ఆయనతో ముక్కలు ముక్కలుగా మాల్టీస్‌లో మాట్లాడింది, నొప్పి ఎక్కడో అడిగింది. ఆయన నవ్వుతూ సరిచేశాడు. ఆమె మళ్ళీ పలికింది. తర్వాత మాతో ఇంగ్లీషు. ముసలాయన లేచి వెళ్తూ "సహ్హా" అన్నాడు. సెలవు తీసుకునేటప్పుడు వాళ్ళు అనే మాట కూడా అదే. సెహత్‌గా ఉండు అని.

అన్యాయంగా రాయను. చీటీ మీద డాక్టరు రాసింది ఇంగ్లీషే. డాక్టర్ల తాలీమ్ ఇంగ్లీషులోనే జరుగుతుంది. అయినా రోగి నోరు విప్పేది తన భాషలో, దానికి జవాబు కూడా ఆ భాషలోనే వస్తుంది. పార్లమెంటులో తగువులాడుకునేది మాల్టీస్‌లో. అదాలత్ భాష మాల్టీస్ అని రాజ్యాంగమే చెబుతుంది. కానూన్ రెండు భాషల్లో అచ్చవుతుంది. ఇంగ్లీషు పాఠానికీ మాల్టీస్ పాఠానికీ తేడా వస్తే మాల్టీస్‌దే చెల్లుతుంది. ఈ ఒక్క వాక్యం మన దగ్గర ఏ భాషకు ఉంది చెప్పండి? ఉర్దూ మాట దేవుడెరుగు, తెలుగుకు ఉందా? హైకోర్టులో తెలుగు రైతు తన జమీన్ కేసు తీర్పును తన భాషలో వినగలడా?

ఇదంతా ఆస్మాన్ నుంచి రాలలేదు. 1934 దాకా ఆ దేశంలో అధికార భాష ఇటాలియన్. వకీళ్ళు, జడ్జీలు, పాదరీలు, షరీఫ్ ఖాందాన్‌లు అంతా ఇటాలియనే మాట్లాడేవారు. మాల్టీస్‌ను వంటింటి భాష అని ఎద్దేవా చేసేవారు. నౌకరుతో, గాడిదతో మాట్లాడేది అన్నమాట. దున్ కర్మ్ అనే పాదరీ కవి నలభై ఏళ్ళ వయసు దాకా ఇటాలియన్‌లోనే రాశాడు. 1912లో మాల్టీస్‌కు మళ్ళాడు. ఇవాళ వాళ్ళ జాతీయ గీతం ఆయన రాసిందే. ఇరవయ్యో సదీ మొదట్లో రచయితలు అంజుమన్ పెట్టుకుని, అక్షరమాల కుదుర్చుకుని, వ్యాకరణం రాసుకుంటే, ఆ తర్వాత సర్కారు కదిలింది. ఇటలీలో ముస్సోలినీ ఉన్నాడు గనక బ్రిటిష్‌వాళ్ళకు ఇటాలియన్‌ను దించడంలో సొంత స్వార్థం ఉందన్నదీ సచ్చే. సియాసత్ లేకుండా ఏ భాషా తఖ్తు ఎక్కలేదు. కానీ సియాసత్ తలుపు తీసేనాటికి వాళ్ళ చేతిలో డిక్షనరీ ఉంది. మన చేతిలో అలాంటి సమయాన ఏముంటుంది? ముషాయరా ఇన్విటేషన్. అది కూడా పిల్లలు చదవలేరని రోమన్‌లో అచ్చేసింది.

ఇక ఫెస్తాల సంగతి. వేసవి వచ్చిందంటే ఆ దేశంలో ఏ ఊరూ నిద్రపోదు. ప్రతి ఊరికీ ఓ వలీ ఉన్నాడనుకోండి, వాళ్ళ మాటలో సెయింట్. ఆ వలీ పేరుమీద వారం రోజుల హంగామా. సర్కారీ దఫ్తర్లు ఎండల కారణంగా మధ్యాహ్నానికే మూసేస్తారు, బడులకు సెలవులు. ఊరి వీధులకు అడ్డంగా పరదాలు, కొయ్య స్తంభాల మీద బొమ్మలు, చర్చి ముఖమంతా బల్బులు. పొద్దున్న ఎనిమిదింటికే కిటికీలు అదిరేలా బాంబులు. ప్రతి ఊళ్ళో ఓ బ్యాండు క్లబ్బు, కొన్ని ఊళ్ళలో రెండు. రెండున్న ఊరిలో తమాషా చూడాలి! ఒకే చర్చి, ఒకే బజారు, మధ్యలో తరాల దుష్మనీ. ఒకరి కవాతు పోతుంటే రెండోవాళ్ళు గొంతు చించుకుని ఎగతాళి పాటలు పాడతారు. ఆ తిట్లు, ఆ పాటలు, ఆ పందేలు అన్నీ మాల్టీస్‌లోనే. నాకు మన మొహర్రంలో అఖాడాల ముకాబలా గుర్తొచ్చింది.

ఆగస్టు 15న మోస్తా అనే ఊరికి వెళ్ళాం. మనకు ఆజాదీ దినం. వాళ్ళకు సాంతా మరియా, అంటే బీబీ మర్యం పండుగ. ఆ ఒక్కరోజే ఏడు ఊళ్ళలో ఫెస్తా. దానికి ఇంకో యాద్ కూడా ముడిపడి ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో ఆ దీవిని ఇటలీ, జర్మనీ విమానాలు చుట్టుముట్టి జనాన్ని ఫాఖాలకు తెచ్చాయి. ఆగస్టులో 14 సరుకు ఓడలు బయల్దేరితే 5 మాత్రమే చేరాయి. చివరిదైన ఒహైయో అనే చమురు ఓడ సగం మునిగి, రెండు వైపులా వేరే ఓడలు పట్టుకుని తేగా సరిగ్గా 15న రేవులోకి వచ్చింది. ఇప్పటికీ ముసలివాళ్ళు ఆ ఓడల్ని సాంతా మరియా కాన్వాయ్ అనే అంటారు.

సాయంత్రం విగ్రహాన్ని బయటికి తెచ్చారు. భుజాల మీద మోసే మగవాళ్ళను "రెఫ్ఫీఆ" అంటారు. రఫా, పైకెత్తడం, అదే మాట. ఇందులో షిర్క్ ఏది, బిద్అత్ ఏది అని నన్ను అడగొద్దు. ఆ మస్అలా ఆలిములది. నేను చెవులతో వెళ్ళాను. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో చెరువు నీళ్ళలో నిలబడి "ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె" అని తెలుగులో అరుస్తూ రొట్టెలు మార్చుకునే జనంలో ఎవరు ఏ మజ్హబో మీరు చెప్పగలరా? మన పల్లెల్లో పీర్లను ఎత్తుకుని నిప్పుల గుండం తొక్కేవాళ్ళలో యాదవులెందరు, మాదిగలెందరు, మనవాళ్ళెందరు? ఆ పండుగ తెలుగులోనే బతికింది. ఉర్దూలో మర్సియాలు, తెలుగులో పీర్ల పాటలు, ఒకే ఛావిడి ముందు.

ఫెస్తా వీధిలో మిఠాయి బండ్లు. బాదం, తేనెతో చేసే నూగట్‌ను "ఉబ్బైత్" అంటారు. ఖజూర్ ముద్ద కూరి నూనెలో వేయించిన బిళ్ళలు "ఇమ్‌అరెత్". వేడివేడిగా భలే ఉంటాయి. కొన్నిచోట్ల పిండిలో సోంపు సారాయి కలుపుతారు గనక అడిగి తినాలి. ఇంకోటి నువ్వుల ముద్దతో చేసే హల్వా. దాని పేరు "హెల్వా తత్ తోర్క్". తుర్కుల హల్వా! ఈ తుర్కులెవరు? 1565లో ఆ దీవిని ముట్టడించిన ఉస్మానీ సుల్తాన్ ఫౌజు. ఆ ఫౌజు ఓడిపోయిన గెలుపును సెప్టెంబరు 8న ఇప్పటికీ సెలవిచ్చి, పడవ పందేలు పెట్టి పండుగ చేసుకుంటారు. అంటే దుష్మన్ పేరుతో హల్వా తింటూ, దుష్మన్ ఖురాన్ దిగిన భాష బిడ్డలాంటి భాషలో, దుష్మన్ మీద గెలిచిన పాటలు పాడుకుంటారు. మన తెలుగులోనూ మనకు పెట్టిన పేరు ఆ తుర్కు నుంచి వచ్చిందే. మన ఉర్దూను పల్లెల్లో "తురకం" అంటారు. "వాళ్ళింట్లో తురకం మాట్లాడతారు." అదే తోర్క్. తేడా ఒక్కటే. వాళ్ళు తోర్క్‌ను హల్వా బండికి కట్టి భాషను గుండెకు కట్టుకున్నారు. మన దగ్గర తురకను, తురకాన్ని కలిపి ఊరి బయట కట్టేశారు.

వాళ్ళకూ ఈ సిగ్గు లేకపోలేదు. తమ భాష అరబీ నుంచి వచ్చిందంటే చాలాకాలం ఒప్పుకోలేదు. "మాది ఫినీషియన్, ఈసాకు ముందటిది, అరబ్బులది కాదు" అని పెద్ద పెద్ద పుస్తకాలే రాసుకున్నారు. ఇల్మ్‌వాళ్ళు ఆ కథను ఎప్పుడో కొట్టేశారు. ఇవాళ యూనివర్సిటీలో ఎవరూ ఆ మాట అనరు. సిగ్గును దాటారు. మనవాళ్ళలో కొందరు ఉర్దూ మాటల్ని వెతికి వెతికి తెలుగు నుంచి తీసేయాలంటారు. తీయండి జనాబ్. తహసీల్దార్ తీసేయండి. జిల్లా, సర్కారు, ఖాతా, జమా, ఖర్చు, వకీలు, జామీను, దస్తావేజు, దరఖాస్తు, ఫిర్యాదు, హామీ, జవాబు, నకలు, రసీదు... అన్నీ తీసేశాక మీ ఊరి ఎమ్మార్వో ఆఫీసులో ఏ భాషలో పని జరుగుతుందో చూద్దాం. ఇంగ్లీషే మిగులుతుంది.

మాల్టాను జన్నత్ అని చెప్పడానికి రాయడం లేదు. 2017 అక్టోబరులో డాఫ్నీ కరువానా గలీజియా అనే జర్నలిస్టును కారు బాంబుతో చంపేశారు. సర్కారులోని అవినీతిని రాసినందుకు. నా పేషా మనిషి ఆమె, ఆమె పేరుమీద రాజధానిలో జనం పెట్టిన పూలు, కొవ్వొత్తుల దగ్గర కాసేపు నిలబడ్డాను. లిబియా నుంచి వచ్చే పడవల విషయంలో ఆ హుకూమత్ రహమ్‌దిల్ ఏమీ కాదు. 2023 జూలై ఎండల్లో రోజుల తరబడి కరెంటు పోయి జనం అల్లాడారు. ఫెస్తా బాణసంచా తయారుచేసే షెడ్లు పేలి మనుషులు చనిపోతూనే ఉంటారు. వలస కార్మికుల కాగితాల కోసం మావాడు ఎన్ని క్యూలు నిలబడ్డాడో వాడే చెప్పాలి. మస్జిద్‌గా కట్టిన మస్జిద్ ఒకటే ఉంది, పావ్లా అనే ఊళ్ళో. 1978లో గద్దాఫీ పునాదిరాయి వేశాడు. దాని పేరు మర్యం అల్ బతూల్. మర్యం పేరుమీద మస్జిద్, మర్యం పేరుమీద చర్చి, రెండిట్లోనూ అల్లా. నేను జుమా అక్కడే చదివాను. ఖుత్బాలో ఇమామ్ అల్లాహ్ అన్నప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు, పొద్దున్న రొట్టెల దుకాణంలో అదే మాట విన్నాను గనక.

వాళ్ళ భాషకూ ఖత్రా లేకపోలేదు. సముద్రం ఒడ్డున ఖరీదైన బస్తీల్లో ఉండే ఖాందాన్‌లు పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడతాయి. అలాంటివాళ్ళను జనం "తల్ పెపె" అని వెక్కిరిస్తారు. కాఫీ హోటల్లో పనిచేసే మనలాంటివాళ్ళకు మాల్టీస్ రాదు గనక సొంత దేశంలో సొంత భాషలో చాయ్ అడగలేకపోతున్నామని ముసలివాళ్ళు మొత్తుకుంటారు. వాళ్ళ గోడు నాకు అర్థమవుతుంది. మా మేనల్లుడు అయితే పని మాటలు నలభై దాకా నేర్చుకున్నాడు. "వో బుఢ్ఢే లోగాఁ ఖుష్ హోతేఁ మామూ," అంటాడు. ఆ నలభై మాటల్లో సగం వాడికి దీనియాత్ క్లాసులోనే వచ్చు.

వాళ్ళ దేశంలో నన్ను ఆపింది ఇంకోటి కూడా ఉంది. "ఆనా" అనే పాట. అరబీలో గినా. గిటార్లు పట్టుకుని ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా నిలబడి అప్పటికప్పుడు ఛందస్సులో జవాబు సవాళ్ళు కట్టుకుంటారు. 2021లో యునెస్కో దాన్ని తన జాబితాలో చేర్చింది, 2023లో ఊరి ఫెస్తాను కూడా చేర్చింది. పాడేవాళ్ళు ఎవరనుకున్నారు? రేవు కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, డ్రైవర్లు. మన బైత్‌బాజీ లాంటిదే, కానీ షేర్వానీలు లేవు. సదారత్ లేదు, షాలువా లేదు, "జనాబ్‌కీ ఖిద్మత్ మే" అని అరగంట తఖ్రీర్ లేదు. భాష మేస్త్రీ నోట్లో ఉంది. మన ఉర్దూ మేస్త్రీ నోట్లో లేదా? ఉంది! ఆటో నడిపే ఖాదర్ భాయ్ నోట్లో, పంక్చర్ వేసే వలీ భాయ్ నోట్లో, బీడీలు చుట్టే ఆపాల నోట్లో నికార్సయిన దఖనీ ఉంది. మన అదీబులకు అది ఉర్దూ కాదు. "గలత్ జుబాన్." మాల్టా షరీఫ్‌లు వంటింటి భాష అన్నట్టే.

మనవాళ్ళు వెంటనే అంటారు: వాళ్ళకు దేశం ఉంది, మనకేముంది? అజీబ్ మాట. 1934లో వాళ్ళకూ దేశం లేదు. ఇంగ్లండు గులామీలో ఉన్నారు, ఆజాదీ 1964లో వచ్చింది. మనకేముందో చెబుతాను. 2017 నవంబరులో తెలంగాణ అసెంబ్లీ మొత్తం రాష్ట్రానికి ఉర్దూను రెండో అధికార భాషగా చేసింది. 2022లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కానూన్ చేసింది. తెలంగాణలో ఉర్దూ ఆఫీసర్లను కూడా వేశారు. కాగితం ఉంది, కుర్సీ ఉంది. ఆ కుర్సీ ముందుకు వెళ్ళే మనిషి లేడు. ఉర్దూ ఆఫీసరు టేబుల్ మీద దుమ్ము చూసి హుకూమత్‌ను తిడతాం. తిట్టాల్సిందే, బోర్డుల మీద ఉర్దూ రాయించి దాంట్లో నుఖ్తాలు మర్చిపోయే హుకూమత్ అది. కానీ ఆ టేబుల్‌కు ఏడాదికి ఎన్ని అర్జీలు వచ్చాయని అడిగితే మన కౌమ్ ఏం చెబుతుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి, మనవాళ్ళకు రుచించదు. నిజాం జమానాలో ఉర్దూ తఖ్తు మీద ఉన్నప్పుడు తెలుగు రైతు తన ఊరి కచేరీలో తన భాషలో అర్జీ పెట్టుకోలేక ముహరిర్ కాళ్ళు పట్టుకున్నాడు. ఉస్మానియాలో ఉర్దూలో డాక్టరీ చదివించారని మనం ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ రైతు కొడుకు దాన్ని మర్చిపోలేదు. అందుకే ఉర్దూ అడిగే ప్రతిచోటా తెలుగును కూడా అడగాలి మనం. హైకోర్టులో తెలుగు కావాలని తహరీక్ నడిస్తే ముందు వరసలో ముసల్మానులు ఉండాలి. తెలుగు మీడియం బడి మూస్తుంటే ఉర్దూ మీడియంవాళ్ళు వెళ్ళి ధర్నాలో కూర్చోవాలి. అలా కూర్చున్నవాడి ఉర్దూను ఎవడు పరాయిదంటాడు?

పిల్లలు ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు గనక ఉర్దూ, తెలుగు రెండూ రాయలేరంటారా? మీరు రాస్తారు కదా. ఉర్దూ స్కూల్లో చదివిన తరం ఇంకా ఇళ్ళల్లో ఉంది. అమ్మీ ఉంది, నానీ ఉంది. పెన్షను రాలేదని, రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని, వీధి మోరీ పొంగుతోందని రోజూ బాధపడేది వాళ్ళే. ఆ బాధను వాళ్ళ చేతనే ఉర్దూలో రాయించండి. పక్కన తెలుగు నకలు పిల్లవాడి చేత రాయించండి, వాడు రాయలేకపోతే అక్కడే కూర్చోబెట్టి నేర్పించండి. రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తీసుకోమంటే ఎందుకు తీసుకోరో కాగితం మీద రాసిమ్మనండి. తీసుకుంటే నంబరు వేసిన రసీదు తప్పకుండా అడగండి, జేబులో పెట్టుకోండి. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ ఆ రసీదు పట్టుకుని వెళ్ళండి.